చోఘా జంబిల్ శిఖరం మీద కొలువున్నది ఎవరు? ఏలాం దేవతలు, ఆలయాల గురించి చర్చ

టపా 1
ఇటుకరాత:

సభ్యులందరికీ నమస్కారం. నైరుతి ఇరాన్‌లో ఇప్పటి ఖుజెస్తాన్, ఫార్స్ ప్రాంతాల్లో క్రీ.పూ. మూడో సహస్రాబ్ది నుంచి పారసీక సామ్రాజ్యం తలెత్తేదాకా నిలిచిన ఏలాం నాగరికత గురించి ఈ వేదికలో ఇంతవరకు ఎవరూ విడిగా రాయలేదు. బాబిలోన్ గురించీ సుమేరు గురించీ మనం చాలా మాట్లాడుకున్నాం. వారి పక్కనే రెండు వేల ఏళ్లకు పైగా కొన్నిసార్లు యుద్ధం చేస్తూ, కొన్నిసార్లు సంధి చేసుకుంటూ బతికిన ఈ ప్రజల దేవుళ్ల పేర్లు మాత్రం మనలో చాలామందికి కొత్త.

నేను చర్చకు పెట్టదలచినది ఒకే ఒక కట్టడం. ఏలాం ముఖ్యనగరమైన సూసాకు ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, దెజ్ నదికి దగ్గరగా, చోఘా జంబిల్ అనే చోట ఒక మహా జిగ్గురాత్, అంటే అంతస్తులు అంతస్తులుగా లేచే ఆలయ కట్టడం, ఉంది. బోర్లించిన బుట్టలాంటి దిబ్బ అన్న అర్థంలో స్థానికులు దానికి ఆ పేరు పెట్టుకున్నారు. చమురు అన్వేషణ సాగుతున్న రోజుల్లో, 1935లో, అది బయటివారి దృష్టికి వచ్చింది. 1951 నుంచి 1962 వరకు రోమన్ గిర్ష్‌మాన్ నాయకత్వంలో ఫ్రెంచి బృందం అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపింది. 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఇరాన్ నుంచి మొట్టమొదటగా చేరిన మూడు స్థలాల్లో అదొకటి. ఒక్కో భుజం 105 మీటర్లున్న చదరపు పీఠం మీద అయిదంతస్తులుగా, 50 మీటర్లకు పైగా లేచి ఉండేదని అంచనా. ఇప్పుడు మిగిలినది దాదాపు 25 మీటర్లు.

దీన్ని కట్టించిన రాజు ఉంతాష్-నపిరిష. నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. ఈ చోట మొదట కట్టినది జిగ్గురాత్ కాదు, ఇన్షుషినాక్ అనే దేవుడికి ఒక చదరపు ప్రాంగణం, దాని చుట్టూ గదులు. తరువాత అదే రాజు ఆ ప్రాంగణం నడుమ జిగ్గురాత్‌ను లేపి, పాత గదులను దాని మొదటి అంతస్తులో కలిపేశాడు. అంతే కాకుండా, కొత్త కట్టడాన్ని ఇన్షుషినాక్‌కు ఒక్కడికే ఇవ్వకుండా నపిరిష, ఇన్షుషినాక్ ఇద్దరికీ అంకితం చేశాడు. ఒక దేవుడి ఇంటిని అదే రాజు ఇద్దరు దేవుళ్ల ఇల్లుగా ఎందుకు మార్చినట్టు?

టపా 2
మట్టిపలక:

మంచి ప్రశ్న వేశారు ఇటుకరాత గారూ. ఇద్దరు దేవుళ్ల పేర్లను విడదీసి చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

ఇన్షుషినాక్ అన్నది 'సూసా ప్రభువు' అని అర్థమిచ్చే నిన్-షుషినాక్ అనే సుమేరు మాట నుంచి వచ్చింది. అంటే ఆయన ఒక ఊరి దేవుడు. ఆ ఊరు టైగ్రిస్ మైదానానికి ఆనుకుని ఉన్న పల్లపు నేల మీదిది. అక్కడ అక్కాదు భాష, మెసొపొటేమియా అలవాట్లు ఎంతో కాలం నడిచాయి. నపిరిష అసలైన ఏలామీ మాట: 'నప్' అంటే దేవుడు, 'రిష' అంటే గొప్ప. ఆయన తూర్పున ఎత్తు ప్రాంతానికి, అన్షాన్ సీమకు చెందినవాడు. అన్షాన్ నగరం ఇప్పటి ఫార్స్‌లోని తల్-ఎ మల్యాన్ దిబ్బ అని తేలింది.

ఇప్పుడు ఆ రాజు తన ఇటుకల మీద తనను తాను ఎలా పరిచయం చేసుకున్నాడో చూడండి. "ఉ ఉంతాష్-నపిరిష, షక్ హుంబాన్-నుమెనకి, సుంకిక్ అంజాన్ షుషున్క" అన్నది ఆ శాసనాల మొదటి పాదం. నేను ఉంతాష్-నపిరిషను, హుంబాన్-నుమెన కుమారుణ్ణి, అన్షాన్‌కూ సూసాకూ రాజును అని దాని అర్థం. ఆ బిరుదులో రెండు నేలలు ఉన్నాయి, కొండసీమ ముందు, పల్లపు నగరం తరువాత. అంకితంలోనూ దేవుళ్లు అదే వరుసలో వస్తారు, నపిరిష ముందు, ఇన్షుషినాక్ తరువాత. నా దృష్టిలో ఆ జిగ్గురాత్ ఆ బిరుదుకు ఇటుకలతో చెప్పిన వ్యాఖ్యానం. సూసాకూ అన్షాన్‌కూ మధ్య దారిలో, అంతకు ముందు ఏ పాత గుడీ పెత్తనం చేయని ఖాళీ నేల మీద, కొత్త నగరానికి తన పేరే పెట్టి (అల్-ఉంతాష్-నపిరిష), రెండు సీమల దేవుళ్లను ఒకే కప్పు కిందికి తెచ్చాడు. నగరం లోపల పినికిర్, మన్జాత్, ఇష్నికరాబ్, కిరిరిష వంటి దేవతలకు విడివిడిగా గుళ్లు కట్టించాడు. మన్జాత్ ఇంద్రధనుస్సు దేవత, అక్కాదు వారి నుంచి వచ్చింది. కిరిరిష 'గొప్ప దేవి', పూర్తిగా ఏలామీ పేరు. అన్ని వైపుల వారినీ పిలిచి కూర్చోబెట్టిన నగరం అది.

టపా 3
శబ్దమూలం:

మట్టిపలక గారి వివరణకు ఒక చిన్న చేర్పు. పాత పుస్తకాలు చదివేవారు ఈ రాజు పేరు 'ఉంతాష్-గాల్' అనో 'ఉంతాష్-హుంబాన్' అనో కనబడితే వేరే రాజు అనుకోకండి. శాసనాల్లో ఆ దేవుడి పేరును 'గొప్ప దేవుడు' అని అర్థమిచ్చే సుమేరు సంకేతాలతో రాశారు. ఆ సంకేతాలను ఏలామీలో ఎలా పలికేవారో తెలియని రోజుల్లో పండితులు, ఆ గొప్ప దేవుడు హుంబాన్ అయి ఉంటాడని అనుకున్నారు. తరువాత నపిరిష అన్న ఉచ్చారణ స్థిరపడింది. హుంబాన్ కూడా చాలా పాత, చాలా పెద్ద దేవుడే. అక్కాదు చక్రవర్తి నరామ్-సిన్‌తో ఏలాం పాలకుడు క్రీ.పూ. 23వ శతాబ్దంలో చేసుకున్న సంధి పలకలో సాక్షులుగా పిలిచిన దేవతల్లో మొట్టమొదటి పేరు పినికిర్ అనే దేవిది, ఆ వెంటనే హుంబాన్‌ది. "నరామ్-సిన్ శత్రువు నాకు శత్రువు, నరామ్-సిన్ మిత్రుడు నాకు మిత్రుడు" అన్న వాక్యం ఉన్న పలక అదే. సాక్షుల వరుసలో ఒక దేవిని అందరికన్నా ముందు నిలపడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది.

టపా 4
దూరతీరం:

నేను పన్నెండేళ్లుగా కువైట్‌లో పని చేస్తున్నాను. ఈ గల్ఫ్ నీళ్లకు అవతలి ఒడ్డున బుషెహర్ రేవు ఉంది. ఏలాం వారి కాలంలో దాని పేరు లియాన్. మనవాళ్లు వేలమంది ఈ తీరాన బతుకుతున్నా, ఎదురుగా ఉన్న ఒడ్డున మూడు వేల ఏళ్లకు పైబడిన గుడి ఒకటి ఉండేదన్న సంగతి మా గదిలో ఎవరికీ తెలియదు. అందుకే కిరిరిష గురించి నాలుగు మాటలు.

లియాన్‌లో దొరికిన ఇటుకల మీద హుంబాన్-నుమెన శాసనం ఉంది. ఈయన చోఘా జంబిల్ కట్టించిన రాజుకు తండ్రి. నపిరిషకు, కిరిరిషకు, ఆ చోటును కాపాడే బహహుతెప్ అనే దేవతల గుంపుకు తాను గుడి కట్టించానని అందులో చెప్పాడు. కొండసీమ దేవుడైన నపిరిష సముద్రపు ఒడ్డున కిరిరిషతో కలిసి కొలువుదీరాడన్న మాట. ఒక శతాబ్దానికి పైగా గడిచాక షుత్రుక్-నహ్హుంతె రాజు శిథిలమైన ఆ గుడిని బాగు చేయించాడు.

నాకు ఒక సందేహం. కొడుకు చోఘా జంబిల్‌లో చేసినది తండ్రి లియాన్‌లో చేసిన దానికి కొనసాగింపేనా? తండ్రి నపిరిషకు కిరిరిషను జతచేస్తే, కొడుకు ఇన్షుషినాక్‌ను జతచేశాడు.

టపా 5
కృష్ణాతీరం:

చర్చ చాలా బాగుంది. అందరికీ ధన్యవాదాలు. ఒక విషయం అడగాలని ఉంది. ఏలాం భాషకూ మన ద్రావిడ భాషలకూ చుట్టరికం ఉందని, ఏలాం వారు మనకు పూర్వికులని చాలాసార్లు విన్నాను. జిగ్గురాత్ చిత్రాన్ని చూస్తే అంతస్తులు అంతస్తులుగా లేచే మన గాలిగోపురమే గుర్తుకు వస్తుంది. ఆ దేవతల పేర్లలో మన దేవతల మూలాలు వెతకవచ్చా?

టపా 6
శబ్దమూలం:

కృష్ణాతీరం గారూ, మీరు అడిగినది ఈ విషయం చదివే ప్రతి తెలుగువారికీ కలిగే ప్రశ్న. తప్పించుకోకుండా జవాబు చెప్పాలి.

ఏలామీకీ ద్రావిడ భాషలకూ ఒకే మూలం ఉందన్న ప్రతిపాదనను డేవిడ్ మెకాల్పిన్ అనే అమెరికన్ భాషావేత్త 1970లలో ముందుకు తెచ్చి, 1981లో విస్తారంగా ప్రచురించాడు. కొన్ని ప్రత్యయాల పోలికలు, కొన్ని పదాల పోలికలు చూపించాడు. అది పండితులు పట్టించుకోదగ్గ ప్రయత్నమే గాని, నిలిచిన సిద్ధాంతం కాదు. దాన్ని సూక్ష్మంగా పరీక్షించినవారిలో మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఒకరు. ఒంగోలులో పుట్టి, ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించి, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసిన ఆయన, 2003లో వెలువడిన తన ద్రావిడ భాషల గ్రంథంలో, మెకాల్పిన్ చూపిన ధ్వనిమార్పుల సూత్రాలు చాలావరకు అవసరానికి తగ్గట్టు కల్పించుకున్నవిగా కనిపిస్తున్నాయని, ఆ సంబంధాన్ని అంగీకరించలేమని తేల్చారు. ఈనాడు ఎక్కువమంది భాషావేత్తలు ఏలామీని చుట్టాలు తెలియని ఒంటరి భాషగానే లెక్కిస్తారు.

గోపురం సంగతి. మన గోపురం గుడిలోకి దారి. దేవుడు దాని కింద ఉండడు, దాని పైన ఉండడు, లోపల ఎక్కడో తక్కువ ఎత్తున్న విమానం కింద ఉంటాడు. చోఘా జంబిల్‌లో దేవుడి గది శిఖరం మీద ఉండేది. రెండూ ఎత్తుగా ఉండటం తప్ప పనిలో పోలిక లేదు. పైగా కాలంలో రెండు వేల ఏళ్లకు మించిన ఎడం ఉంది. మన పూర్వికులు కారు గనుక వారు మనకు తక్కువ కావలసినవారు అని నేననడం లేదు. వారిని వారిగా చూస్తేనే వారి దేవతలు మనకు అర్థమవుతారు.

టపా 7
ఇటుకరాత:

శబ్దమూలం గారికి కృతజ్ఞతలు. ఇక కట్టడం దగ్గరికి మళ్లీ వద్దాం. 'మెసొపొటేమియా వారి జిగ్గురాత్‌కు నకలు' అనే మాట చాలాచోట్ల చదివాను. తవ్వకాల వివరాలు చూసేకొద్దీ ఆ మాట మీద నాకు నమ్మకం పోతోంది.

సాధారణంగా జిగ్గురాత్‌ను ఒక అరుగు మీద మరొక అరుగుగా పేర్చుకుంటూ పోతారు. ఇక్కడ అలా చేయలేదు. ప్రతి అంతస్తూ నేల నుంచే విడిగా లేస్తుంది. మధ్యలోనిది అన్నిటికన్నా ఎత్తు, దాని చుట్టూ దానికన్నా పొట్టిది, ఆ చుట్టూ ఇంకా పొట్టిది. ఒకదానిలో ఒకటి ఇమిడిన పెట్టెలను ఊహించుకోండి. పాత ప్రాంగణాన్ని చెరపకుండా దాని నడుమ ఖాళీలో కట్టాల్సి రావడమే దీనికి కారణం. మెట్ల సంగతీ అంతే. మెసొపొటేమియా నగరమైన ఉర్‌లోని జిగ్గురాత్‌కు బయటి ముఖం మీద పొడవైన మెట్లు వాలుగా దిగివస్తాయి. ఇక్కడ మెట్లు కట్టడం లోపలికి దూరి, కమాను కప్పుల కింద నుంచి పైకి పోతాయి. నాలుగు వైపులా ద్వారాలున్నా, పైదాకా చేర్చేది నైరుతి వైపు దారి ఒక్కటే. బయట నిలబడినవారికి పైకి ఎక్కేవారు కనబడరు.

లోపలి దిమ్మ పచ్చి ఇటుకలది, పైతొడుగు కాల్చిన ఇటుకలది. ఆ తొడుగులో నిర్ణీత ఎడంలో శాసనం ఉన్న ఇటుకల వరుసలు కట్టడం చుట్టూ తిరుగుతాయి. అలాంటివి వేలకొద్దీ ఉన్నాయి. అక్కడక్కడ నీలం, ఆకుపచ్చ గాజుపూత వేసిన ఇటుకలు, గుబ్బలున్న పలకలు వాడారు. తలుపులకు నలుపు, తెలుపు గాజు కడ్డీలు తాపడం చేశారు. ద్వారం దగ్గర గాజుపూత పూసిన మట్టి ఎద్దు విగ్రహం కాపలా నిలిచేది. దాని వీపు మీద ఇన్షుషినాక్‌కు సమర్పిస్తున్నట్టు శాసనం ఉంది. ముక్కలుగా దొరికిన ఆ ఎద్దును అతికించి టెహ్రాన్ జాతీయ మ్యూజియంలో పెట్టారు. ఆగ్నేయ వైపు ప్రాంగణంలో ఏడేసి చొప్పున రెండు వరుసల్లో పద్నాలుగు చిన్న ఇటుక దిమ్మెలు బయటపడ్డాయి. వాటిని బలిపీఠాలుగా గుర్తించారు. అంటే ప్రజలకు కనబడే పూజ కింద ప్రాంగణంలో జరిగేది, కనబడనిది పైన జరిగేది.

దూరతీరం గారి ప్రశ్నకు నా జవాబు: అవును, కొనసాగింపే అనిపిస్తోంది. కొడుకు కిరిరిషనూ వదల్లేదు, జిగ్గురాత్ పక్కనే ఆమెకు గుడి కట్టాడు.

టపా 8
సీన్ నది ఒడ్డు:

పారిస్‌లో ఉంటున్నాను కనుక లూవ్ర్ మ్యూజియంలో ఏలాం గదులు తరచూ చూసే భాగ్యం కలిగింది. ఈ చర్చకు సంబంధించిన రెండు వస్తువుల గురించి రాస్తాను.

మొదటిది ఉంతాష్-నపిరిష భార్య, రాణి నపిర్-అసు విగ్రహం. సూసాలో 1903లో దొరికింది. తల లేదు, ఎడమ చేయి విరిగింది. ఇప్పుడున్న ఎత్తు 1.29 మీటర్లే గాని బరువు 1750 కిలోలు. లోపలిది గట్టి కంచు, పైన రాగి తొడుగు. లోహాన్ని అంత ధారాళంగా పోసిన విగ్రహం ఆ కాలపు ప్రపంచంలో మరొకటి చూపడం కష్టం. రెండు చేతులూ నడుము దగ్గర ఒకదాని మీద ఒకటి పెట్టుకుని నిలబడి ఉంది. గంటలా విచ్చుకున్న పావడా మీద కుట్టుపని, అంచున కుచ్చులు ఒక్కొక్కటిగా చెక్కి ఉన్నాయి. ఆ పావడా మీదే శాసనం ఉంది: ఈ విగ్రహాన్ని ఎత్తుకుపోయినవారిని, పగలగొట్టినవారిని, పేరు చెరిపినవారిని నపిరిష, కిరిరిష, ఇన్షుషినాక్ శపించాలని, వారి పేరు నశించి సంతానం లేకుండా పోవాలని. గమనించండి, కొండసీమ దేవుడు, తీరపు దేవి, సూసా దేవుడు, ఈ ముగ్గురూ రాణి గారి శాపంలో ఒకేచోట ఉన్నారు. మట్టిపలక గారు చెప్పినదానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

రెండవది నాకు మరీ ఇష్టమైనది. 'సిత్ షంషి', అంటే అక్కాదు భాషలో సూర్యోదయం. క్రీ.పూ. 12వ శతాబ్దంలో శిల్హక్-ఇన్షుషినాక్ రాజు చేయించిన కంచు నమూనా అది, పొడవు సుమారు 60 సెంటీమీటర్లు, వెడల్పు 40. ఒక పలక మీద పూజాస్థలం మొత్తాన్ని పోతపోశారు: మెట్లు మెట్లుగా ఉన్న జిగ్గురాత్ లాంటి కట్టడం, నీటి తొట్టెలు, పెద్ద జాడీ, చెట్లు, నడుమ మోకాళ్ల మీద ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషులు. ఇద్దరికీ బట్టలు లేవు, తలలు నున్నగా గొరిగి ఉన్నాయి. ఒకరు చేతులు చాచితే మరొకరు పాత్రతో వాటి మీద నీళ్లు పోస్తున్నారు. దేవుడి విగ్రహం అందులో ఎక్కడా లేదు. గుడి తెరవకముందు, పొద్దు పొడిచే వేళ చేతులు కడుక్కునే క్షణాన్ని మాత్రమే ఆ రాజు కంచులో నిలపదలిచాడు. ఒక ప్రాచీన మతంలో పూజ ఎలా జరిగేదో ఇంత దగ్గరగా చూపే వస్తువు నేను వేరే చూడలేదు.

టపా 9
మట్టిపలక:

సీన్ నది ఒడ్డు గారూ, చదువుతుంటే ఆ గదిలో నిలబడ్డట్టే ఉంది. ఇన్షుషినాక్‌కు మరొక ముఖం ఉంది, దాన్ని చెప్పకపోతే ఆయన ఎందుకు అంత ముఖ్యుడయ్యాడో తెలియదు. ఆయన చనిపోయినవారికి న్యాయం తీర్చే దేవుడు. సూసా సమాధుల్లో దొరికిన చిన్న మట్టిపలకల మీది అక్కాదు రాతల ప్రకారం, చనిపోయినవారిని ఇష్నికరాబ్, లగమాల్ అనే ఇద్దరు దారి చూపిస్తూ ఇన్షుషినాక్ ముందుకు తీసుకువెళతారు. లగమాల్ అంటే దయ లేనివాడు, ఇష్నికరాబ్ అంటే ప్రార్థన విన్నవాడు అన్న అర్థాలు వస్తాయి. తీర్పు చెప్పే సభకు వెళ్లే దారిలో ఒక వైపు దయలేనితనం, మరో వైపు మొర ఆలకించే మనసు నడుస్తున్నాయన్న మాట.

దీన్ని చోఘా జంబిల్‌తో కలిపి చూడండి. అక్కడి రాజభవనాల్లో ఒకదాని కింద, లోతుగా, కాల్చిన ఇటుకల కమానులతో కట్టిన సమాధి గదులు అయిదు ఉన్నాయి. వాటిలో దహనం చేసిన అస్థికలు దొరికాయి. ఏలాంలో సాధారణంగా శవాలను పూడ్చేవారు కాబట్టి ఇది ప్రత్యేకం. దానికి కొంచెం ముందు కాలపు హఫ్త్ తెపె అనే ఏలాం స్థలం చోఘా జంబిల్‌కు దగ్గరలోనే ఉంది. ఇరాన్ పురావస్తువేత్త ఎజ్జత్ నెగహ్‌బాన్ 1965 నుంచి అక్కడ తవ్వి, తెప్తి-అహర్ రాజు కాలానికి చెందిన కమాను కప్పు సమాధిని, దానికి ఆనుకున్న ఆలయాన్ని బయటపెట్టారు. అక్కడి శిలాశాసనంలో చనిపోయినవారికి క్రమం తప్పకుండా పెట్టాల్సిన బలులు, పిండివంటలు, కాపలా ఉండాల్సినవారి వివరాలు ఉన్నాయి. రాజు పోయాక కూడా ఆయనకు ఎవరు అన్నం పెడతారన్నది రాతి మీద చెక్కించుకున్న ఏర్పాటు అది. మళ్లీ మళ్లీ చదువుకోదగిన శాసనం.

టపా 10
కొండగుర్తు:

మీరందరూ ఇటుకల గుళ్ల గురించే మాట్లాడుతున్నారు. కప్పులేని ఏలాం గుళ్లు కూడా ఉన్నాయి. ఫార్స్ ప్రాంతంలో ఫహ్లియాన్ నదికి ఎత్తున కురంగూన్ అనే కొండ ముఖం మీద ఒక దేవుడు చుట్టలు చుట్టుకున్న పాము మీద కూర్చుని ఉంటాడు. చేతిలో పాము తలను పట్టుకుంటాడు. పక్కన దేవి. దేవుడి చేతి నుంచి నీళ్లు ధారలుగా పారి రెండు వైపులా నిలబడ్డ భక్తుల మీదుగా పోతాయి. ముందున్న చిన్న వేదిక నేల మీద చేపలు చెక్కారు. అంటే మనం నిలబడేది నీళ్లలో. కొండకు చెక్కిన మెట్ల మీదుగా భక్తుల వరుస దిగి వస్తున్నట్టు తరువాతి కాలంలో మరో చిత్రం కలిపారు. మొదటి భాగాన్ని క్రీ.పూ. 17వ శతాబ్దం ప్రాంతానిదని అంచనా వేస్తారు. ఆ దేవుడు నపిరిషా, ఇన్షుషినాకా అన్న వాదన ఉంది. నపిరిషను మెసొపొటేమియా వారి తీయని నీటి దేవుడు ఎయాతో పోల్చేవారు కాబట్టి, ఆ నీళ్లూ చేపలూ చూస్తే నా మనసు నపిరిష వైపే మొగ్గుతుంది.

ఇంకొకటి ఖుజెస్తాన్‌లోని ఇజె మైదానం. దాని పాత పేరు అయాపిర్. అక్కడ కూల్-ఎ ఫరా అనే లోయలో ఆరు శిలాచిత్రాలు, షెకాఫ్త్-ఎ సల్మాన్ అనే గుహ దగ్గర నాలుగు ఉన్నాయి. కూల్-ఎ ఫరాలో హన్ని అనే స్థానిక నాయకుడు తిరుతుర్ దేవుణ్ణి స్మరిస్తూ చెక్కించిన శాసనం ఉంది. పక్కన తంత్రీవాద్యాలు వాయించేవారు, బలి ఇచ్చిన జంతువులు ఉన్నారు. నీటి ఊట ఉన్న షెకాఫ్త్-ఎ సల్మాన్ దగ్గర మష్తి అనే దేవిని కొలిచేవారు. కూల్-ఎ ఫరాలోనే పెద్ద బండ ఒకదాని మీద, ఒక వేదికను మోకాళ్ల మీద ఉన్న మనుషులు మోస్తుండగా దాని మీద ఒక పెద్ద ఆకారం నిలబడి ఉంటుంది. వెనుక వరుసలు వరుసలుగా జనం.

టపా 11
కృష్ణాతీరం:

గోపురం విషయంలో సరిదిద్దినందుకు శబ్దమూలం గారికి కృతజ్ఞుణ్ణి. మళ్లీ పోలిక తెస్తున్నందుకు మన్నించాలి. కొండగుర్తు గారు చెప్పిన ఆ వేదిక మన ఉత్సవవిగ్రహం ఊరేగింపు లాంటిదే కదా? దేవుణ్ణి పల్లకిలో మోసుకుపోవడమే కదా?

టపా 12
కొండగుర్తు:

పోలిక పెట్టుకోవడంలో తప్పు లేదండీ, అది చూడగానే నాకూ అదే తోచింది. కాని అక్కడ ఒక చిక్కు ఉంది. ఆ వేదిక మీద ఉన్నది దేవుడి విగ్రహమా, దేవుడి ముందుకు వెళ్తున్న రాజా అన్నది తేలలేదు. ఏలాం దేవుళ్లను గుర్తించడానికి కొమ్ముల కిరీటం ఒక ఆనవాలు. కురంగూన్ దేవుడికి అది ఉంది, ఇక్కడి ఆకారానికి లేదు. అందుకే రాజు అనే పక్షం బలంగా ఉంది. మన ఊరేగింపులో మోసేవారు దేవుణ్ణి మోస్తున్నామని ఎరిగి మోస్తారు. అక్కడ మోసేవారు ఎవరిని మోశారో మనకు రూఢిగా తెలియనప్పుడు, 'జనమంతా కలిసి నడిచిన పండుగ' అన్నంతవరకు పోలిక ఆపుకుందాం. నేను నిశ్చయంగా చెప్పగలిగేది ఒకటే: ఆ పండుగ కోట గోడల మధ్య కాక, లోయలో, నీళ్ల పక్కన, ఆకాశం కింద జరిగింది.

టపా 13
దూరతీరం:

ఇన్ని గుళ్లూ ఇంత సంపదా ఏమైపోయాయి? చోఘా జంబిల్ ఎప్పుడు పాడుబడింది?

టపా 14
శబ్దమూలం:

ముందు సంపద ఎలా పోగయిందో చెప్పాలి. క్రీ.పూ. 1158 ప్రాంతంలో షుత్రుక్-నహ్హుంతె బాబిలోనియా మీద దండెత్తి, నరామ్-సిన్ విజయశిలను, బాబిలోన్ రాజు హమ్మురాబి ధర్మశాసన శిలను సూసాకు తెచ్చాడు. నరామ్-సిన్ శిల మీద, చెక్కిన కొండ బొమ్మ పైననే, దీన్ని సిప్పర్ నగరం నుంచి తెచ్చి నా ప్రభువు ఇన్షుషినాక్‌కు సమర్పించానని రాయించాడు. పాత శాసనాన్ని అతడు పూర్తిగా చెరిపించలేదు, అందుకు మనం అతడికి రుణపడి ఉన్నాం. అతడి కొడుకు కుతిర్-నహ్హుంతె బాబిలోన్ నుంచి ఆ నగర ప్రధాన దేవుడైన మర్దూక్ విగ్రహాన్నే ఏకంగా తెచ్చాడు. ఓడిన వారి దేవుడు గెలిచిన వారి దేవుడి ఇంటికి బందీగా రావడం అన్నది ఆ లోకంలో యుద్ధం ముగిసిందనడానికి గుర్తు.

అదే వారికీ జరిగింది. క్రీ.పూ. 647 ప్రాంతంలో అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ సూసాను నేలమట్టం చేశాడు. నీలమణి వన్నె ఇటుకల జిగ్గురాత్‌ను ధ్వంసం చేసి, దానికి అమర్చిన మెరిసే లోహపు కొమ్ములను విరిచానని తన చరిత్రలో రాయించుకున్నాడు. ఏలాం గుళ్లకు కొమ్ములుండేవన్న సంగతి అస్సీరియా రాజధాని నీనెవెలోని శిలాచిత్రంలోనూ కనబడుతుంది. ఎత్తుకుపోయిన దేవతల పట్టికలో మొదటి పేరు షుషినాక్, అంటే మన ఇన్షుషినాకే. ఆయన రహస్యస్థలంలో నివసించే దేవుడని, ఆయన దైవకార్యాన్ని ఎవరూ చూడలేదని శత్రువే సాక్ష్యం చెప్పాడు. ఇటుకరాత గారు కనబడని మెట్ల గురించి రాసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ వాక్యమే. బయటివారెవరూ అడుగుపెట్టని రహస్య వనాల్లోకి తన సైనికులు చొరబడి వాటిని కాల్చారని కూడా ఆ రాజు చెప్పాడు. ఏలామీలో 'సియాన్ హుసమె' అంటే వనంలోని గుడి. రాజులు ఇటుకల మీద ఆ మాట మళ్లీ మళ్లీ రాశారు. సిత్ షంషిలోని చెట్లు అలంకారానికి పెట్టినవి కావని దీన్నిబట్టి తెలుస్తుంది. చోఘా జంబిల్ నాశనం కూడా ఆ దండయాత్రల్లోనే జరిగిందని సాధారణంగా చెబుతారు.

టపా 15
మట్టిపలక:

అక్కడితో కథ ముగిసిందనుకోవద్దు. 1933లో పారసీకుల రాజధాని పెర్సెపోలిస్ కోటగోడలో వేలకొద్దీ మట్టిపలకలు దొరికాయి. పారసీక చక్రవర్తి దారియుస్ కాలంలో, క్రీ.పూ. 509 నుంచి 493 వరకు రాసిన గిడ్డంగి లెక్కలవి; ఏలామీ భాషలో ఉన్నాయి. ఏ పూజకు ఎంత బార్లీ, ఎంత ద్రాక్షసారా ఇచ్చారో వాటిలో రాశారు. ఆ లెక్కల్లో హుంబాన్ ఉన్నాడు. పారసీకుల దేవుడైన అహురమజ్దాకు వెళ్లిన దానికన్నా హుంబాన్‌కు వెళ్లినదే ఎక్కువ. నరామ్-సిన్ సంధిలో సాక్షిగా నిలిచిన దేవుడే, పదిహేడు వందల ఏళ్లకు పైగా గడిచాక, పారసీక చక్రవర్తి గిడ్డంగి నుంచి తన వాటా అందుకుంటున్నాడు.

బెహిస్తూన్ కొండ మీద దారియుస్ మూడు భాషల్లో చెక్కించిన శాసనంలో ఏలామీ పాఠాన్ని చూడండి. అహురమజ్దా పేరు వచ్చిన ఒకచోట, ఏలామీ పాఠంలో మాత్రమే, 'ఆర్యుల దేవుడు' అన్న వివరణ చేర్చారు.

టపా 16
ఇటుకరాత:

మట్టిపలక గారూ, ఆ గిడ్డంగి పలకల్లో పూజారిని ఏమని పిలిచారో చూశాను. 'షతిన్' అన్నది పాత ఏలామీ మాటే. ఏలాం దేవుళ్లకూ, మెసొపొటేమియా నుంచి వచ్చిన వానదేవుడు అదాద్‌కూ, నదులకూ కొండలకూ కూడా ఈ షతిన్‌లు గిడ్డంగి నుంచి ధాన్యం తీసుకుని నైవేద్యం పెట్టారు. నా మొదటి టపాలో 'ఒక దేవుడి ఇంటిని ఇద్దరు దేవుళ్ల ఇల్లుగా ఎందుకు మార్చినట్టు' అని అడిగాను. ఇద్దరికి ఒకే పూజారి నైవేద్యం పెట్టడం ఆ నేలలో వింత కాదని ఇప్పుడు అర్థమైంది కనుక ఆ ప్రశ్నను సరిదిద్దుతున్నాను: ఉంతాష్-నపిరిష కట్టిన శిఖరం మీది గదిలో ఉదయాన చేతులు కడుక్కుని మొదట ఎవరి పేరు పలికేవారు? ఇటుకల మీద వరుస నపిరిషతో మొదలవుతుంది. ఎద్దు వీపు మీద ఇన్షుషినాక్ ఒక్కడే ఉన్నాడు. నగరంలోని మిగిలిన గుళ్ల ఇటుకల పాఠాలు ఒక్కొక్కటిగా ఇక్కడే రాస్తాను, వచ్చే టపా కిరిరిష గుడితో మొదలుపెడతాను.